టిక్స్ ఉన్న పిల్లలతో నా పని

చిన్నారులకు ఆశీస్సులు.

నేను మీ బడికి వచ్చినప్పుడు టైమ్ అయిపోయి ఒక ప్రశ్న మిగిలిపోయింది. "పిల్లల సైకాలజిస్టు రోజంతా ఏం చేస్తారు? ఊరికే మాట్లాడతారా?" అని ఒక అమ్మాయి అడిగింది. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరిని ఆందోళన పీడిస్తుంటుంది, కొందరికి టిక్స్ ఉంటాయి. చాలాసార్లు ఒకే పిల్లాడిలో రెండూ కనిపిస్తాయి.

టిక్ అంటే తలవని తలంపుగా, మాటిమాటికీ వచ్చే కదలికో శబ్దమో. కళ్లు టపటపా ఆర్పడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం, గొంతు సవరించుకోవడం, ఇలాంటివి. ఎక్కువగా ఐదారేళ్లప్పుడు మొదలై, పది పన్నెండేళ్లకి బాగా పెరిగి, పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గుతాయి. రకరకాల కదలికలతో పాటు శబ్దాలు కూడా ఉండి, ఏడాది దాటినా పోకపోతే టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో పారిస్‌లో తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన జిల్ ద లా టూరెట్ అనే డాక్టరు పేరు అది. మెదడులో కదలికల్ని నడిపించే భాగాల్లో తేడా వల్ల వస్తుంది, కుటుంబాల్లో తరతరాలుగానూ కనిపిస్తుంది. పెంపకంలో లోపం వల్ల రాదు. ఈ మాట తల్లిదండ్రులకి మొదటి రోజే చెప్తాను.

ఎందుకంటే వాళ్లు నా దాకా వచ్చేసరికే చాలా తిరిగి ఉంటారు. కళ్లు ఆర్పితే కళ్ల డాక్టరు, గొంతు సవరిస్తే ఈఎన్‌టీ డాక్టరు. అక్కడ ఏమీ లేదని తేలగానే "కావాలనే చేస్తున్నావు, ఆపు" అని గదమాయింపులు మొదలవుతాయి. పిల్లాడు కాసేపు ఆపగలడు కూడా. బడిలో బిగబట్టుకుని, ఇంటికొచ్చాక వదిలేస్తాడు. "బడిలో రానిది ఇంట్లో ఎలా వస్తుంది?" అని అడుగుతారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ పిల్లాడి తరఫున నాకు కడుపు తరుక్కుపోతుంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో చురచురలాడుతుంది కదా, టిక్‌కి ముందు ఒంట్లో అలాంటిదే ఒకటి తెలుస్తుంది. దాన్ని రోజంతా ఓర్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

మా వైద్యం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. మెడ విదిలించే పన్నెండేళ్ల అబ్బాయిని "ముందు ఎక్కడ తెలుస్తుంది? వేలితో చూపించు" అని అడుగుతాను. మొదట్లో "ఏమో" అంటాడు. కొన్నాళ్లు గమనించాక చెవి కింద వేలు పెట్టి చూపిస్తాడు. అక్కడ బిగుతు మొదలవగానే గడ్డం కాస్త కిందికి దించి, మెడ కండరాల్ని మెల్లగా బిగించి, ఒక నిమిషం అలాగే ఉంచడం నేర్పిస్తాను. గొంతు శబ్దమైతే ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. పక్కవాళ్లకి తెలియకుండా చేయగలగాలి, అదే ముఖ్యం. అమెరికాలో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ 1973లో ప్రచురించిన పద్ధతి ఇది. తర్వాత వేరే పరిశోధకులు దీన్ని ఇంకా పెంచి, 126 మంది పిల్లల మీద పరీక్షించి 2010లో ఫలితాలు చెప్పారు. పది వారాల్లో ఎనిమిది సెషన్లు. నేర్చుకున్నవాళ్లలో సగానికి పైగా బాగా మెరుగయ్యారు. ఈ పద్ధతి నేర్పకుండా, ధైర్యం చెప్పి, టిక్స్ గురించి వివరించడంతో సరిపెట్టిన పిల్లల్లో ఐదింట ఒక వంతు మంది కూడా అలా మెరుగవలేదు. టిక్స్ పూర్తిగా పోతాయని మాత్రం నేనెప్పుడూ మాటివ్వను. తగ్గుతాయి, పిల్లాడి చేతిలోకి వస్తాయి.

ఆందోళనకి దారి వేరు. భయపడేదాని నుంచి తప్పించుకున్న కొద్దీ భయం బలుస్తుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్టు, కుందేలంటే హడలిపోయే మూడేళ్లు నిండని పిల్లాడి సంగతి రాశారు. వాడు ఇష్టమైనది తింటూ ఉంటే బోనులో ఉన్న కుందేల్ని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు. క్లాసులో నోరు విప్పలేని పిల్లలతో ఈనాటికీ మేము చేసేది అలాంటిదే. ముందు నాతో, తర్వాత ఒక స్నేహితుడితో, ఆపైన టీచరుతో ఒక్క వాక్యం.

ఈ పనిలోకి రావాలంటే సైకాలజీలో పీజీ చేసి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చోట క్లినికల్ సైకాలజీ శిక్షణ పొంది, ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు. అవసరమైతే ఇద్దరం కలిసి చూస్తాం. చదువుతో పాటు బోలెడంత ఓపిక కావాలి, ఒకే పాఠాన్ని విసుక్కోకుండా మళ్లీ మళ్లీ నేర్పించే ఓపిక.

ఈలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. మీ క్లాసులో ఎవరైనా కళ్లు ఆర్పుతున్నా, శబ్దం చేస్తున్నా వాళ్లని అనుకరించకండి, "ఆపు" అనకండి, అటే చూస్తూ కూర్చోకండి. మీరు చెప్తున్న కబురు మధ్యలో ఆపకుండా చెప్పండి. మీకే ఏదైనా దిగులుగా ఉంటే ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి 14416కి ఫోన్ చేయించండి. మనసుకి సంబంధించిన ఇబ్బందుల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ అనే హెల్ప్‌లైన్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రేమతో,
మీ సైకాలజిస్టు పెద్దమ్మ