బొప్పాయి వైరస్, ఆర్ఎన్ఏ స్ప్రే: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం తాడిపత్రి వైపు రైతు ఒకాయన సంచిలో బొప్పాయి కాయ పట్టుకుని అనంతపురంలో మా ల్యాబ్‌కు వచ్చారు. పచ్చికాయ నిండా ఉంగరాలు, తొడిమ మీద నూనె పూసినట్టు చారలు. రింగ్‌స్పాట్ వైరస్సే. "ఆర్ఎన్ఏ మందు వచ్చిందంట గదా సార్, కొడితే పోతుందా?" అని అడిగారు. ఫోన్లో వీడియో చూశారట.

అపోహ: తెగులు కనిపించాక కొట్టినా చెట్టు కోలుకుంటుంది.

వాస్తవం: కోలుకోదు. ఇది మందు కంటే టీకాకు దగ్గర. నిజానికి ఈ విద్య మొక్కకు పుట్టుకతోనే ఉంది. రింగ్‌స్పాట్ వైరస్ జన్యువు ఆర్ఎన్ఏనే, అంటే డీఎన్ఏకు చుట్టంలాంటి అక్షరాల గొలుసు. అది నకళ్లు తీసుకునేటప్పుడు జంటపోగుల ఆర్ఎన్ఏ తయారవుతుంది. మొక్కలోని డైసర్ అనే ఎంజైమ్ దాన్ని 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా తరుగుతుంది. ఆర్గోనాట్ అనే ప్రోటీన్ ఆ ముక్కను పట్టుకుని, దానికి సరిపోయే వైరస్ ఆర్ఎన్ఏ ఎక్కడ తగిలితే అక్కడ కోసేస్తుంది. దొంగ చొక్కా పీలిక వాసన చూసిన కుక్క అనుకోండి.

మరి తెగులెందుకు వస్తోంది? దొంగ కూడా ఊరికే రాడు, కుక్కకు వేయడానికి మాంసం ముక్క తెచ్చుకుంటాడు. ఈ వైరస్‌కు హెచ్‌సీ-ప్రో అనే ప్రోటీన్ ఉంది, అది ఆ చిన్న ముక్కలను పట్టేసుకుంటుంది. స్ప్రేలో ఉండేది ఆ వైరస్‌కు సరిపోయే జంటపోగుల ఆర్ఎన్ఏనే, అంటే మనం ముందే ఇచ్చే పీలిక. అందుకే దాని వాసన దొంగ రాకముందే చూపించాలి.

అపోహ: ఒక్కసారి కొడితే చాలు, వైరస్‌లన్నీ ఆగుతాయి.

వాస్తవం: వట్టి ఆర్ఎన్ఏ ఆకు మీద కొద్ది రోజులే నిలుస్తుంది. క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు సన్నటి బంకమట్టి పలకలకు అంటించి కొడితే, పొగాకు మొక్కలకు 20 రోజుల దాకా రక్షణ దొరికిందని 2017లో చూపించారు. బొప్పాయి తోట నెలల తరబడి ఉండేది, లెక్క మీరే వేసుకోండి. పైగా అక్షరాలు కలవాలి. 2000లో మన జిల్లా వేరుశనగను ఎండబెట్టిన కాండంకుళ్లు గుర్తుందా? దాని వైరస్ వేరు, బొప్పాయి పీలిక దానికి పనికిరాదు.

అపోహ: హవాయి విత్తనం తెప్పించుకుంటే సరి.

వాస్తవం: అక్కడ 1998లో రైతులకిచ్చిన రెయిన్‌బో అనే జన్యుమార్పిడి బొప్పాయి పనిచేసేది కూడా ఈ తరిగి కోసే పద్ధతితోనే, దీన్నే సైలెన్సింగ్ అంటారు. హవాయి వైరస్‌ను బాగా ఆపింది, తైవాన్ రకం వైరస్‌ను మాత్రం ఆపలేకపోయింది. రెండూ రింగ్‌స్పాట్‌లే! ఇక్కడ దాని సాగుకు అనుమతి కూడా లేదు.

ఆయనకు చెప్పింది పాత మాటే. ఉంగరాలు పడ్డ చెట్లు పీకేయండి, గట్ల చుట్టూ పేనుబంకకు అడ్డుగా జొన్న వేయండి. వైరస్‌ను మోసుకొచ్చేది ఆ పురుగే, నిమిషంలోపే అంటించి పోతుంది, పురుగుమందు దాన్ని చంపేలోపు పని అయిపోతుంది. "పదకొండు చెట్లు సార్, అన్నీ కాయ మీదున్నాయి" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఈ కాయ తినొచ్చా అని అడిగారు. తినొచ్చు, తీపే తక్కువ. వైరస్ ఆర్ఎన్ఏ తింటే మన జీన్స్ మారతాయని భయపడేవాళ్లు కూడా ఇలాంటి కాయలు ఎన్ని తినుంటారో!