క్షతగాత్రుల నొప్పి: సరిహద్దు ఆసుపత్రుల్లో అడగవలసిన ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా కవిటి, కంచిలి వైపు కొబ్బరిచెట్టు మీదనుంచి జారిపడినవారినీ, ఇచ్ఛాపురం దగ్గర జాతీయ రహదారిపై ప్రమాదానికి గురైనవారినీ మెరుగైన వైద్యం కోసం ఒడిశా సరిహద్దు దాటించి బరంపురం తీసుకువెళ్లడం ఇక్కడివారికి కొత్త కాదు. ఏ ఆసుపత్రిలోనైనా అత్యవసర విభాగం ముందుగా ఊపిరి ఆడుతోందా, రక్తస్రావం ఆగిందా అని చూస్తుంది. అది సరైన క్రమమే. అయితే ఆ పనులు సాగుతుండగానే నొప్పికి మందు ఇవ్వవచ్చు. ఎక్స్‌రే వచ్చేదాకా ఓర్చుకొమ్మనడానికి వైద్యపరమైన కారణం లేదు. తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ అనే మందు ఇస్తే కడుపునొప్పి రోగుల్లో వ్యాధి నిర్ధారణ దెబ్బతింటుందన్న పాత భయాన్ని కూడా తరువాతి పరీక్షలు బలపరచలేదు.

నొప్పిని అలాగే వదిలేస్తే శరీరం మూల్యం చెల్లిస్తుంది. పక్కటెముకలు విరిగినవారు నొప్పి వల్ల నిండుగా ఊపిరి తీసుకోలేరు, దగ్గలేరు. కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు. గాయం నుంచి సంకేతాలు ఆగకుండా చేరుతుంటే వెన్నుపాములోని నాడీకణాలు అతిసున్నితంగా మారి, చిన్న తాకిడికే తీవ్రమైన బాధ కలుగుతుంది.

నొప్పిని కొలిచే పరికరం లేదు. సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో రోగినే అడగాలి, చంటిపిల్లలైతే ముఖకవళికలు, కాళ్ల కదలిక, ఏడుపు గమనించాలి. 1993లో ప్రచురితమైన లాస్ ఏంజెలెస్ అధ్యయనంలో, కాళ్లూ చేతుల పొడవాటి ఎముకలు విరిగి వచ్చినవారిలో నొప్పి మందు అసలే అందనివారు హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) రోగుల్లో 55 శాతం, తెల్లజాతివారిలో 26 శాతం. భాషే దీనికి కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు గాని, తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవారు ఒకే వరుసలో నిలబడే మన ప్రాంతం దీన్ని పట్టించుకోవాలి. బరంపురంలో తెలుగు తెలిసినవారికి కొదవ లేదు. నొప్పి ఎంత ఉందన్న ప్రశ్నను రోగి భాషలో అడిగే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించి ఉండాలని నా అభిప్రాయం.

విరిగిన ఎముకను బద్దకట్టుతో కదలకుండా చేయడమే మొదటి నొప్పి మందు. తరువాత సెలైన్ సూది ద్వారా పెద్దవారికి ఒక గ్రాము పారాసెటమాల్, బాధ తీవ్రమైతే కిలో బరువుకు సుమారు 0.1 మిల్లీగ్రాముల మార్ఫిన్‌ను కొద్దికొద్దిగా ఇస్తారు. ఊపిరి మందగిస్తే విరుగుడుగా నాలాక్సోన్ ఉంది. తొడ ఎముక విరిగితే గజ్జల దగ్గరి నాడిని మొద్దుబార్చే ఇంజెక్షన్ చాలా మేలు చేస్తుంది. మార్ఫిన్ వంటి మందులు దొరకడం సులభం కావాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

ఉద్దానం నుంచి వచ్చినవారి విషయంలో మరొక ప్రశ్న తప్పనిసరి. అక్కడ దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తారంగా ఉంది. దెబ్బ తగిలిందనగానే అలవాటుగా ఇచ్చే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. రక్తం పోయినవారిలో, అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మార్ఫిన్ విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే చురుకైన పదార్థాలు కూడా మూత్రపిండాల ద్వారానే పోవాలి కనుక, మూత్రపిండాలు పనిచేయనివారిలో పేరుకుపోయి మత్తును పెంచుతాయి. అలాంటివారికి ఫెంటానిల్ అనే మరో బలమైన నొప్పి మందు, నాడిని మొద్దుబార్చే ఇంజెక్షన్ మేలైన మార్గాలు. మూత్రపిండాల పనితీరును తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ ఎంతో ఉద్దానంలో చాలా ఇళ్లలో తెలుసు. డాక్టరు అడగకపోయినా ఆ సంఖ్యను బంధువులు చెప్పాలి.

మందు ఇచ్చాక పది, పదిహేను నిమిషాల్లో నొప్పి ఎంత ఉందో మళ్లీ అడగాలి. కట్టు కట్టి మందు ఇచ్చినా నొప్పి పెరుగుతూ, వేళ్లు చాచితే భరించలేనంత అవుతుంటే, కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసారం ఆగుతోందేమోనని అనుమానించి వెంటనే కట్టు వదులుచేసి చూడాలి. కొన్ని గంటలు ఆలస్యమైతే కండరం చచ్చిపోతుంది. ఒక ఆసుపత్రి నుంచి మరొకదానికి పంపేటప్పుడు ఏ మందు, ఎంత, ఏ సమయానికి ఇచ్చారో, అప్పుడు నొప్పి పదికి ఎంత ఉందో కాగితం మీద రాసి పంపాలి. ఆ కాగితం లేకపోతే రెండో చోట అదే మందు మళ్లీ పడవచ్చు, లేదా ఇచ్చే ఉంటారన్న అనుమానంతో అసలే అందకపోవచ్చు.