అక్కి మానాక చొక్కా తగిలినా మంట: అపోహలు – వాస్తవాలు

అక్కి (హెర్పిస్ జోస్టర్) పొక్కులు ఎండి చెక్కులు రాలిపోయినా, ఆ చోట ఫ్యాను గాలి సోకితే చాలు భగ్గుమంటుంది. మామూలుగా నొప్పి పుట్టించని తాకిడికే నొప్పి రావడాన్ని అల్లోడీనియా అంటారు. అక్కి వచ్చిన మూడు నెలలకీ నొప్పి తగ్గకపోతే అది నరాల నొప్పిగా స్థిరపడినట్టే.

అపోహ: గట్టిగా నొక్కితే ఊరుకుంటాడు, దుప్పటి తగిలితే అరుస్తాడు. అంతా నటన.

వాస్తవం: జబ్బు తీరే అది. అరచేయి కదలకుండా ఆనిస్తే ఓర్చుకునేవాళ్లు కూడా దూదితో నిమిరితే ఉలిక్కిపడతారు. వైరస్ దెబ్బతీసిన నరాలు ఎడతెరిపి లేకుండా సంకేతాలు పంపడంతో వెన్నుపాములోని కణాలు అతిసున్నితమవుతాయి. ఇక స్పర్శను మోసే ఏ-బీటా నరాల కబురు కూడా అక్కడ నొప్పిగానే నమోదవుతుంది. బాగున్న చర్మం నుంచి మచ్చ వైపు దూదితో నిమురుతూ, నొప్పి మొదలైన చోటల్లా పెన్నుతో చుక్క పెట్టి ఫొటో తీసుకోండి. నెల తర్వాత మళ్లీ చూస్తే హద్దు జరిగిందో లేదో తెలుస్తుంది. వదులు చొక్కా ఊగుతూ రాసుకుంటుంది. కొందరికి ఒంటిని పట్టుకుని ఉండే మెత్తటి బనియనే హాయి.

అపోహ: జాజుతో అక్కి రాయించుకుంటే చాలు.

వాస్తవం: పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే మానతాయి, పేరు రాతకు దక్కుతుంది. ఈలోగా పొక్కులు మొదలైన తొలి 72 గంటల విలువైన గడువు పోతుంది. వైరస్‌ను అణిచే మందు వాలసైక్లోవిర్ (సాధారణంగా 1 గ్రాము, రోజుకు మూడుసార్లు, 7 రోజులు, కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి) ఆ గడువులో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. తర్వాతి నరాల నొప్పిని అది కచ్చితంగా ఆపుతుందని మాత్రం చెప్పలేం. అక్కి రాకుండా 50 దాటినవాళ్లకు రెండు డోసుల టీకా ఉంది.

అపోహ: నొప్పి మాత్ర వేస్తే పోతుంది.

వాస్తవం: పారాసిటమాల్, డైక్లోఫెనాక్ దీనికి పెద్దగా పనిచేయవు. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, లేదా రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే అమిట్రిప్టిలిన్ రాస్తారు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి మానేస్తారు, చికిత్స చెడేది ఎక్కువగా ఇక్కడే. మత్తు, తూలు ఉంటాయి కనుక పెద్దవాళ్లు రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు లైటు వేసుకోవాలి. చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్ 5% ప్యాచ్ (అంటించే మందు పట్టీ) పూర్తిగా మానిన చర్మం మీదే, 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయాలి.

అపోహ: కాపడం పెడితే సర్దుకుంటుంది.

వాస్తవం: తాకితే మండే చోటే వేడి సరిగా తెలియకపోవచ్చు. వేడినీళ్ల బ్యాగుతో చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.