పదో రోజున ఆపేస్తున్న మాత్ర

శ్రీకాకుళం పల్లెల్లో డిప్రెషన్ ఉన్న మనిషి దిగులుగా ఉందని చెప్పుకోవడం తక్కువ. తలబరువు, ఒళ్లు మంటలు, అన్నం సయించకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేయడం చెబుతారు. దాంతో ముందు ఆర్‌ఎంపీ దగ్గర బలం సూది, సెలైన్. తగ్గకపోతే గాలి సోకిందని తాయెత్తు, అమ్మవారి గుడి. గుడికి తీసుకెళ్లడంలో తప్పేం లేదు. నలుగురిలో కూర్చోబెట్టడం, వేళకు స్నానం, తిండి నిజంగానే మేలు చేస్తాయి. కొట్టడం, పస్తు పెట్టడం మాత్రం వైద్యం కాదు. గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

నాటు మందుల్లో సర్పగంధ సంగతి తెలిసి ఉండాలి. నిద్రకూ బీపీకీ వాడే ఈ వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే మందును వేరు చేశారు. మెదడు కణాల్లో, మనసు స్థితితో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనం నిల్వలను అది ఖాళీ చేస్తుంది. వాడినవారిలో కొందరు దిగులులో పడ్డారని 1950లలోనే వైద్యులు రాశారు. తర్వాతి సమీక్షలు ఆ సంబంధం అంత గట్టిది కాదన్నా, డిప్రెషన్ ఉన్నవారికి రిసర్పిన్ ఇవ్వకూడదన్న జాగ్రత్త అలాగే ఉంది. కాబట్టి ఏ పొడి తింటున్నా ఆ పొట్లాన్నే డాక్టరుకు చూపించాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్నవాళ్లయితే భస్మాల జోలికి పోనేకూడదు. కొన్నింటిలో పాదరసం, సీసం ఉంటాయి.

మాత్రలు మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోవడం మంచిది. రక్తహీనతా, థైరాయిడ్ లోపమూ ఇలాగే కనిపిస్తాయి. నిద్ర లేకుండానే అతి హుషారుగా తిరిగిన రోజులు ఎప్పుడైనా ఉంటే తప్పక చెప్పాలి. అది బైపోలార్ (అతి హుషారు, దిగులు మార్చిమార్చి వచ్చే జబ్బు) అయితే చికిత్సే వేరు.

డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ మాత్రను మామూలుగా 5 లేదా 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. వికారం, తలనొప్పి, ఆదుర్దా మొదటి వారంలోనే వస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇబ్బంది ముందు, మేలు వెనక. అందుకే పదో రోజుకు 'ఈ మాత్ర పడలేదు' అని మానేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుంది. ఆదుర్దా తగ్గించే అల్ప్రజోలం మాత్ర వేసిన గంటలోనే హాయిగా అనిపిస్తుంది కాబట్టి అదే మంచి మందనుకుంటారు. కొన్ని వారాలు వాడితే అలవాటైపోయేదీ అదే. జీడిపిక్కల పనిలో నడుం నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్‌ను ఎస్సిటలోప్రామ్‌తో కలిపితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మాత్రతోపాటు రోజూ ఒక చిన్న పనికి వేళ పెట్టుకోవాలి. బుద్ధి పుట్టేదాకా ఆగకుండా, సాయంత్రం ఐదింటికి చెరువు గట్టు మీద పది నిమిషాలు నడిచినా చాలు.

బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొన్ని వారాలపాటు మోతాదు తగ్గిస్తూ రావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు అవుతుంది.

మొదటి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ల లోపు వాళ్లలో, చావు ఆలోచనలు పెరగవచ్చు. ఆ రోజుల్లో పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకూడదు, మాత్రల పెట్టె ఇంట్లోవాళ్లు దాచాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.