జ్వరంలో షుగరు: తినకపోయినా ఇన్సులిన్ ఎందుకు?

వానలు మొదలైతే శ్రీకాకుళంలో మా ఓపీ అంతా జ్వరాలే. షుగరున్న వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పే మాట మాత్రం ఏటా ఒకటే: "రెండ్రోజులై ఏమీ తినలేదండి, అందుకే సూది ఆపేశాం."

అపోహ: లంఖణం పరమౌషధం. తిననప్పుడు షుగరు మందు అక్కర్లేదు.

వాస్తవం: జ్వరం వస్తే ఒంట్లో కార్టిజాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. వాటి దెబ్బకి లివరు దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది. కంచంలో మెతుకు పడకపోయినా షుగరు పెరిగేది అందుకే. ఆమధ్య పొందూరు వైపు నుంచి ఒక పెద్దామెను తెచ్చారు. ఆయాసం, నోట్లోంచి మగ్గిన పండు వాసన. "మీటరు హాయ్ అంటోంది సార్" అన్నాడు మనవడు. అది పలకరింపు కాదు నాయనా, మీటరు కొలవగలిగే హద్దు దాటిపోయిందని! చాలా మీటర్లలో 600 పైమాటే.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు దాన్ని పూర్తిగా మానకూడదు. ఎంత తగ్గించాలో, పెంచాలో డాక్టర్ని అడగండి. నాలుగు గంటలకోసారి షుగరు చూసుకోండి. పల్చటి గంజో, చోడి (రాగి) అంబలో కొంచెం కొంచెంగా తాగించండి.

మాత్రల సంగతి వేరు. వాంతులు, విరేచనాలు ఉంటే మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ కొన్నాళ్ళు ఆపిస్తాం. రెండోదానితో షుగరు 200 దాటకపోయినా కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు; ఆ పండు వాసన వీటిదే) పెరగొచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళకైతే నేను ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తాను. డెంగీలో నొప్పుల మాత్రలు ఎవరికీ వద్దు, పారాసిటమాల్ చాలు.

అపోహ: ఆసుపత్రిలో ఇన్సులిన్ మొదలెడితే ఇక జీవితాంతం సూదే.

వాస్తవం: కాదు. మాత్రలతో ఉన్న చాలామందిని జ్వరం తగ్గి, భోజనం పడ్డాక మళ్ళీ మాత్రలకే మారుస్తాం. వార్డులో షుగరును 140-180 మధ్య ఉంచాలని చూస్తాం. కోవిడ్‌లో డెక్సామెథాసోన్ (షుగరు పెంచే స్టెరాయిడ్ మందు) ఇచ్చినప్పుడు పొద్దున ఫాస్టింగ్ బాగానే ఉండి, సాయంత్రానికి 350 దాటిన వాళ్ళున్నారు. 2021లో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా పట్టుకున్నది అదుపు తప్పిన షుగరు వాళ్ళనే.

అపోహ: కొబ్బరినీళ్ళు ఎన్ని తాగినా మంచిదే.

వాస్తవం: వాటిలోనూ చక్కెర ఉంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు పొటాషియంతో ప్రమాదం.

ఇంకోటి. అడ్మిట్ అయ్యాక ఇంటి మాత్రలు దిండు కింద దాచుకుని వేసుకోకండి. సిస్టర్ ఇచ్చే ఇన్సులిన్‌కి అవి తోడైతే అర్ధరాత్రి చెమటలు పట్టి, షుగరు 48కి పడిపోయి, వార్డంతా పరుగులు పెట్టాల్సొస్తుంది. ఆ చీటీలూ మాత్రలూ తెచ్చి మా చేతికివ్వండి.