తెరమీది వెన్నెలకు నీలి రంగు ఎక్కడిది?

భీమిలి తీరంలో పౌర్ణమి రాత్రి ఇసుక మీదికి లాగి ఉంచిన పడవలను కాసేపు నిలబడి చూస్తే ఒక వింత కంటబడుతుంది. పగలు దూరానికే కొట్టొచ్చినట్టు కనిపించే ఎర్ర పట్టీ నల్లబడిపోయి ఉంటుంది. దాని పక్కనున్న నీలం, తెలుపు మాత్రం తేటగానే నిలుస్తాయి. వెన్నెల అంటే చంద్రుడి మీద పడి మన వైపు మళ్లిన ఎండే. పైగా పరికరంతో కొలిస్తే అందులో ఎరుపు పాలు ఎండలోకన్నా కాస్త ఎక్కువ. అలాంటప్పుడు పడవ మీది ఎరుపు ఎటు పోయినట్టు?

జవాబు మన కంటిలో ఉంది. నిండు వెన్నెల కూడా ఎండలో సుమారు 4 లక్షలవ వంతు వెలుగే. అంత మసక వెలుగులో రంగులను పోల్చే శంకు కణాలు దాదాపు పని మానేస్తాయి. వెలుగునీడల తేడా తప్ప రంగు తెలియని దండ కణాలు చూపును అందుకుంటాయి. పట్టపగలు మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల, పసుపు కలిసిన ఆకుపచ్చకు అన్నిటికన్నా ఎక్కువగా స్పందిస్తే, చీకట్లో ఆ శిఖరం 507 దగ్గరికి, అంటే నీలం వైపుకు జరుగుతుంది. ఎరుపు దండ కణాలకు ఆననే ఆనదు. 19వ శతాబ్ది తొలినాళ్లలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే మసక వెలుగులో రంగులకు కలిగే ఈ మార్పును గమనించాడు కనుక దీన్ని పుర్కిన్యే ప్రభావం అంటారు.

వెన్నెలను పిండారబోసినట్టుందని వర్ణించే మన భాషకూ, దాన్ని నీలంగా చూపే సినిమాకూ మధ్య పేచీ ఉన్నట్టు తోస్తుంది కానీ, తెర మీది బొమ్మ నిజమైన వెన్నెలకన్నా ఎన్నో రెట్లు ప్రకాశవంతమైనదని గుర్తుంచుకోవాలి. దాన్ని చూస్తున్నంతసేపూ ప్రేక్షకుడి శంకు కణాలు మేలుకునే ఉంటాయి. అందువల్ల చీకట్లో కన్ను తనంతట తాను చేసుకునే మార్పును ఛాయాగ్రాహకుడే ముందుగా చేసిపెట్టాలి. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు; అంకె తగ్గితే నారింజ వైపు, పెరిగితే నీలం వైపు. కెమెరాను 3200 కెల్విన్ల బల్బు వెలుగుకు సరిచేసి, పగటి వెలుగును పోలిన 5600 కెల్విన్ల దీపం వేస్తే దృశ్యమంతా నీలి ఛాయలోకి వెళుతుంది. ఇక్కడ మోతాదే ప్రాణం. నీలాన్ని కుమ్మరించి, నాయిక చీరలోని ఎరుపును అలాగే వదిలేసిన రాత్రి నాకు ఎన్నడూ రాత్రిలా అనిపించదు. ఆ జాగ్రత్త దీపాలకన్నా ముందు దుస్తుల ఎంపికలోనే మొదలు కావాలి.

అదే పడవ పక్కన ఒక లాంతరు పెడితే దృశ్యం మారిపోతుంది. కన్ను ఏ రంగునూ విడిగా కొలవదు, పక్కదానితో పోల్చి చూస్తుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1839లోనే ఈ సంగతిని విపులంగా రాశాడు. సుమారు 1900 కెల్విన్ల నారింజ మంట పక్కన బూడిద రంగు చీకటి కూడా నీలంగా తోస్తుంది కనుక, లాంతరు ఉంటే నీలి దీపాన్ని తగ్గించుకోవచ్చు. పైగా వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. లాంతరుకు అర మీటరు దూరంలో ఉన్న ముఖంతో పోలిస్తే మీటరు దూరంలో ఉన్న ముఖానికి అందేది నాలుగో వంతే. అది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఇద్దరిలో ఎవరి మనసు మనకు కనిపిస్తుందో, ఎవరిది మరుగున ఉంటుందో తేలిపోతుంది.

విశాఖ తీరానిది తూర్పు ముఖం. ఇక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమించడు, పడమటి కొండల వెనక్కి దిగిపోతాడు. నీళ్ల మీద ఎర్రని సూర్యుడున్న సాయంత్రం కావాలంటే తెల్లవారకముందే రామకృష్ణా బీచ్‌కు చేరుకుని ఉదయాన్నే సాయంత్రంగా చిత్రించాలి. వెలుగు ఇందుకు అడ్డు చెప్పదు. ఏ పూటైనా నేలబారు కిరణం దట్టమైన గాలి పొరను దాటి రావాలి; ఆ దారిలో 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపుకన్నా నాలుగు రెట్లకు పైగా చెదిరిపోతుంది. వ్యవధే తక్కువ. సుమారు 17.7 డిగ్రీల అక్షాంశంలో సూర్యుడు నిటారుగా పైకెక్కుతాడు కనుక, మార్చి, సెప్టెంబరు నెలల్లో 6 డిగ్రీల ఎత్తుకు చేరడానికి పట్టేది 25 నిమిషాలే.

ఆ కాస్త సమయంలో పూట మార్చే పని వస్తువులది. ఒడ్డుకు లాగుతున్న వల ఫ్రేములో పడితే అది పొద్దున. వెలుగుతున్న బల్బు వేలాడే మురీ మిక్చర్ బండి పడితే సాయంత్రం. ఆ బల్బుకు మరో పని కూడా ఉంది. కెమెరా సముద్రం వైపు తిరిగినప్పుడు సూర్యుడు నటుల వెనక ఉంటాడు, ముఖాలు నల్లబడతాయి. థర్మాకోల్ అట్టతో వాటి మీదికి వెలుగు మళ్లించినప్పుడు, అది ఎక్కడిదన్న అనుమానం ప్రేక్షకుడికి రాకుండా బండి మీది బల్బు సాక్ష్యం చెబుతుంది.