ఎలుక చెయ్యి ఎందుకు వణికింది?

తిండి పలుకు కనబడితే చిట్టెలుక ముందు కాలు (చెయ్యి అనుకుందాం) తిన్నగా చాపి అందుకుంటుంది. 2014లో కొలంబియా యూనివర్సిటీలో ఆండ్రూ ఫింక్, థామస్ జెస్సెల్ బృందం పరీక్షించిన ఎలుకల్లో మాత్రం ఆ చెయ్యి దారి పొడుగునా గడగడా వణికింది. వాళ్లు చేసిందల్లా మెడ దగ్గర వెన్నుపాములో ఒక రకం చిన్న నాడీకణాలను తీసేయడమే.

కండరం ఎంత సాగిందో చెప్పే కబురు జ్ఞాననాడి మీదుగా వెన్నుపాముకు వస్తుంది. నాడి కొస నుంచి గ్లుటమేట్ అనే రసాయనం విడుదలై, కండరాన్ని నడిపే మోటార్ న్యూరాన్‌ను లేపుతుంది. డాక్టర్ మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగిరేది ఈ దారినే. ఆ చిన్న కణాలు కబురు తెచ్చే నాడి కొసనే పట్టుకుని, దాని మీద గాబా అనే రసాయనం వదులుతాయి. గ్లుటమేట్ విడుదల తగ్గుతుంది. మోటార్ న్యూరాన్ మాత్రం మిగతా ఆజ్ఞలు వినడానికి ఎప్పటిలాగే సిద్ధంగా ఉంటుంది. దీన్నే ప్రీసినాప్టిక్ ఇన్హిబిషన్ (కబురు అందించే కొస దగ్గరే అణచడం) అంటారు.

సభలో మైకు స్పీకర్‌కి ఎదురుపడితే కూయ్‌మని చెవులు చిల్లులు పడతాయి కదా. స్పీకర్ మోత మళ్లీ మైకులో దూరి పెరుగుతూ పోతుంది. చెయ్యి కదిలినప్పుడూ అంతే: కండరం సాగింది, కబురు వెళ్లింది, సర్దుబాటు కాస్త ఆలస్యంగా, కాస్త ఎక్కువగా వచ్చింది, మళ్లీ కబురు. వాల్యూమ్ తగ్గించే కణాలు లేకపోతే ఇదే వణుకవుతుంది.

1957లో ఫ్రాంక్, ఫ్యుయోర్టెస్ అనే పరిశోధకులు పిల్లుల్లో ఈ ప్రీసినాప్టిక్ ఇన్హిబిషన్ జాడ పట్టారు. మోటార్ న్యూరాన్‌లో ఏ మార్పూ లేదు, కానీ దానికి అందే సంకేతం చిన్నదైంది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో జాన్ ఎకిల్స్ బృందం ఇది జరిగేది నాడి కొస దగ్గరే అని పట్టుకుంది. అక్కడే తిరకాసు. పెద్దయ్యాక చాలా నాడీకణాల్లో గాబా కణం పొరలోని తలుపు తెరిస్తే క్లోరైడ్ (రుణావేశం ఉన్న అయాన్) లోపలికి వచ్చి కణం చల్లబడుతుంది. జ్ఞాననాడులు ముందే క్లోరైడ్‌ను లోపల నిల్వ చేసుకుంటాయి. తలుపు తెరిస్తే అది బయటికి పోతుంది, నాడి ఉత్తేజం వైపు జరుగుతుంది. ఉత్తేజపరిచి అణచడమేమిటి? మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. తలుపులు తెరుచుకోవడంతో కరెంటు లీకవుతుంది, సోడియం ద్వారాలు కొన్ని మూతపడతాయి, వచ్చే సంకేతం కొస చేరేసరికి బక్కచిక్కుతుంది అన్నది పాత వివరణ.

అదీ ఇప్పుడు చిక్కుల్లో పడింది. నాడి కొమ్మలుగా చీలే చోట అదే గాబా సంకేతాన్ని ఆపకపోగా, ఆగిపోకుండా ముందుకు దాటిస్తుందని 2022లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీకి చెందిన డేవిడ్ బెన్నెట్ బృందం చూపింది. కొస దగ్గర బ్రేకు వేసేది ఎక్కువగా గాబా-బీ అనే మరో రకం గ్రాహకాలు (గాబాను అందుకునే అణువులు) అని వాళ్ల వాదన. వెన్నుపాము దెబ్బతిని కండరాలు బిగుసుకుపోయిన వాళ్లకు డాక్టర్లు రాసే బాక్లోఫెన్ మాత్ర పనిచేసేది ఈ గ్రాహకాల మీదే.